మునెయ్య తెచ్చిన జావ

వాకాడు,
9 జూలై 1961

ప్రియమైన శేషమ్మకు,

నీ జాబు వచ్చి ఇరవై రోజులైంది. జవాబు రాయలేదని ఈపాటికి అలిగి ఉంటావు. నెల్లూరు హాస్టల్లో ఆరేళ్లు నీ అలకలు భరించినదాన్ని, ఇదొక లెక్కా?

ఈ నెలలో పదకొండు కాన్పులు చేశాను. అందులో రెండు పడవలోనే అయ్యాయి. మా ప్రసూతి కేంద్రమంటే రెండు గదులు, ఒక వరండా, ముందు కాలువ, నేను, పొగాకు నమిలే ఆయా. అంతే. ఈ ఊళ్లో నన్ను ఆనందకుమారి అని పిలిచేవాళ్లు లేరు. అందరికీ నర్సమ్మనే.

నీకొక మనిషి గురించి చెప్పాలి. పేరు మునెయ్య. కాలువకు అవతల ఉన్న సరుగుడు తోటకు కాపలాదారు. రెండేళ్ల కిందట ఎక్కడినుంచో వచ్చి, పల్లెలో చేపలు పట్టేవాళ్ల వలలు బాగుచేసి ఇస్తూ మంచివాడనిపించుకున్నాడు. చిన్నపోలయ్య అనే అతను తన చెల్లెలు కామమ్మను ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ కామమ్మకు ఇప్పుడు అయిదో నెల. వేవిళ్లు తగ్గాల్సిన రోజుల్లో ఆమెకు ఎక్కువయ్యాయి. అరికాళ్లు, వేళ్లు మంటలంటుంది. దువ్వెన పెడితే జుట్టు ఊడి వస్తుంది. ఇరవై ఏళ్ల పిల్ల, నలభై ఏళ్లదానిలా ఉంది.

మొన్న చూడడానికి వెళితే మునెయ్య రాగిజావ కాచి, రెండు గ్లాసుల్లో అటూ ఇటూ పోసి చల్లార్చి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని తాగిస్తున్నాడు.

"ఇంకొక్క గుక్క మే. నువ్వు తాగకుంటే నాకు ముద్ద దిగదు" అని బతిమాలుతున్నాడు.

ఆమె వాంతి చేసుకుంటే దోసిలి పట్టాడు శేషమ్మా! తాగిన గిన్నెను కూడా ఆమెను ముట్టనివ్వడు. తానే కాలువకు తీసుకుపోయి ఇసుకపెట్టి తోముకొస్తాడు. పల్లెలో ఆడవాళ్లందరూ తమ మొగుళ్లను తిట్టడానికి ఇప్పుడు మునెయ్య పేరే వాడుతున్నారు. నేను పెళ్లి వద్దనుకున్నదాన్ని కదా, అతన్ని చూస్తే నాకే ఒక నిమిషం మనసు అటూ ఇటూ అయింది.

పద్మనాభయ్య గారికి నా నమస్కారాలు. అయిదేళ్ల కాపురంలో నీకొక్కసారైనా మంచినీళ్లు ముంచి ఇచ్చారా అని నేనడిగానని చెప్పు.

నీ
ఆనంద


ఇందుకూరుపేట,
21 జూలై 1961

ప్రియమైన ఆనందకు,

పాపకు వారం రోజులుగా కోరింత దగ్గు. దగ్గి దగ్గి ముఖం కందగడ్డ అవుతోంది. పాలు తాగినవి తాగినట్టే కక్కేస్తోంది. నీకు తెలిసిన మందేదైనా ఉంటే వెంటనే రాయి. ఇక్కడ నాట్లు మొదలయ్యాయి. కూలీలకు వండి వండి నా చేతులు కాయలు కాశాయి. మా అత్తగారు మోకాళ్ల నొప్పులని మంచం దిగడం లేదు, కేకలు మాత్రం పొలం దాకా వినిపిస్తున్నాయి.

నువ్వడిగిన మాట ఆయనతో అన్నాను. "బాయి మనదే, చేంతాడు మనదే, ముంచుకునేదానికి ఆమెకు చేతులుండాయి గదా!" అన్నారు. ఇదీ నా భాగ్యం.

నీ మునెయ్య గురించి చదివితే మస్తానమ్మ గుర్తొచ్చింది. మైపాడు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేది. వంజరం చేపలు తెచ్చిన రోజు గడపలో కూర్చుని అరగంట కబుర్లు చెబితేగాని కదిలేది కాదు. మూడేళ్ల కిందట ఆమెకు ఇలాగే ఏదో జబ్బు చేసింది. అప్పుడు ఆమె మొగుడు చెంచయ్య కూడా ఇలాగే జావ కాచి పోసేవాడు. ఆమె బదులు అతనే గంప తెచ్చేవాడు. కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడో తాడుకు నలిగి కొక్కెంలా వంగిపోయి ఉండేది, ఆ వేలితోనే కళ్లు తుడుచుకునేవాడు. ఎంత చూసుకున్నా ఆమె దక్కలేదు. తరువాత అతను ఊరు విడిచిపోయాడు.

మంచివాళ్ల పెళ్లాలకే రోగాలు వస్తాయేమో. అలా అయితే నాకు నూరేళ్లూ ఢోకా లేదు.

నీ
వెంకటశేషమ్మ


వాకాడు,
14 ఆగస్టు 1961

ప్రియమైన శేషమ్మకు,

పాపకు మందు పొట్లాలు ఇదివరకే పంపాను. దగ్గు తగ్గిందో లేదో రాయి.

ఈ జాబు ఒక పని మీద రాస్తున్నాను. ఈ నెల మొదట్లో సరుగుడు కట్టెల లోడు వెంట మునెయ్య అయిదు రోజులు ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. కామమ్మను నా దగ్గర ఉంచుకున్నాను. ఆశ్చర్యమేమిటంటే మూడో రోజుకే ఆమెకు వాంతులు ఆగిపోయాయి. నాలుగో రోజు ఆయాతో కలిసి చింతచిగురు పప్పు కూడా తింది. అతను తిరిగొచ్చి ఇంటికి తీసుకుపోయాడు. రెండు రోజులు గడవకముందే మళ్లీ మొదటికొచ్చింది. తోటలో నీళ్లు మంచివి కావేమోనని నేనే పట్టుబట్టి ఆమెను మళ్లీ ఇక్కడికి తెచ్చాను. రోజూ మధ్యాహ్నం అతను జావ కాచి తెస్తున్నాడు. పాపం, రెండు మైళ్లు నడిచి వస్తాడు. నీళ్లు మారినా ఈసారి మాత్రం ఏమీ తగ్గలేదు.

నిన్న అతను గిన్నె చేతికి ఇస్తుంటే చూశాను. కుడిచేతి చిటికెన వేలు వంగి ఉంది. ఇన్నాళ్లూ ఎలా గమనించలేదో! సముద్రం మీద తాళ్లు లాగేవాళ్లలో ఇలాంటి వేళ్లు ఎందరికో ఉంటాయి. ఇతను మునెయ్య, మీవాడు చెంచయ్య. ఇతను దుగరాజపట్నం వైపు వాణ్ణని చెబుతాడు. అయినా మనసు ఆగలేదు. ఒకవేళ ఇద్దరూ ఒకరే అయితే, అతని ఒంట్లో ఏదో అంటురోగం ఉండి కట్టుకున్నదానికి సోకుతోందేమోనని నా భయం. మస్తానమ్మ వాళ్లు ఎవరైనా ఉంటే అడిగి రాయి. ఆమెకు వేళ్లు మంటలు పెట్టేవా? జుట్టు ఊడిందా? ఈ విషయం ఇంకెవరితోనూ అనవద్దు. తప్పయితే ఒక మంచిమనిషి మీద మచ్చ వేసినదాన్నవుతాను.

నీ
ఆనంద


ఇందుకూరుపేట,
20 ఆగస్టు 1961

ఆనందా,

ముందు ఈ ఒక్క మాట చదువు. అతను తెచ్చినది ఏదీ కామమ్మకు పెట్టవద్దు. నువ్వు కూడా నోట పెట్టవద్దు.

నిన్న ఆయన బండి కడితే మైపాడు వెళ్లాను. మస్తానమ్మ తల్లి గురవమ్మ బతికే ఉంది. నువ్వడిగినవన్నీ అడిగాను. వేళ్లు మంటలు, ఊడిన జుట్టు, అన్నీ అవే. పుట్టింట్లో పది రోజులుంటే మస్తానమ్మ లేచి తిరిగేదట. మొగుడు వచ్చి తీసుకుపోతే మళ్లీ పడేదట. ఆమె పోయి, అతను వెళ్లిపోయాక గుడిసె కప్పు విప్పుతుంటే గుడ్డలో కట్టిన తెల్లటి పొడి దొరికిందట. కింద చిందిన పొడి ఏరుకున్న కోడి సాయంత్రానికి చచ్చింది.

"అప్పుడే ఎవరికైనా చెప్పకపోయావా?" అన్నాను.

"ఎవురికి చెప్పేది తల్లా? ఊరంతా వాణ్ణి దేవుడంటా ఉంటే, బిడ్డ పోయిన ఏడుపులో అంటాందిలే అంటారు. సముద్రంలో పారేసినా" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

చివరికి ఇంకొకటి చెప్పింది. వాడి తల్లి వాణ్ణి మునెయ్యా అనే పిలిచేదట.

టెలిగ్రాం ఇద్దామనుకున్నాం. కాని మీ ఊళ్లో నీకంటే ముందు పదిమంది దాన్ని చదువుతారు, వాడి చెవిన పడుతుంది అన్నారాయన. అందుకే ఎక్స్‌ప్రెస్ తపాలాలో వేస్తున్నాం. జాగ్రత్త ఆనందా. వాడి ముందు ఏమీ బయటపడకు. ఒక్క ముక్క రాయి, బతికి ఉన్నానని.

శేషమ్మ


నెల్లూరు,
27 ఆగస్టు 1961

ప్రియమైన శేషమ్మకు,

బతికి ఉన్నాను. కామమ్మ బతికి ఉంది. కడుపులో బిడ్డ కదులుతోంది. వాడు పోలీసుల చేతిలో ఉన్నాడు. ఇక నింపాదిగా కూర్చుని మిగతాది చదువు.

మంగళవారం పన్నెండు దాటాక పోస్టుమాన్ నీ జాబు ఇచ్చాడు. వరండాలో నిలబడే చదివాను. మొదటి మాటనే రెండుసార్లు చదివాను. ఎందుకంటే, అప్పటికి పది రోజులుగా ఆ జావను చెంచాతో కామమ్మ నోట్లో పోస్తున్నది నేనే. వద్దని ముఖం తిప్పుకుంటే కోప్పడి మరీ పోశాను.

చివరిదాకా చదివి తలెత్తేసరికి మునెయ్య మెట్లెక్కుతున్నాడు. చేతిలో మూతపెట్టిన ఇత్తడి గిన్నె.

"దండాలు నర్సమ్మా. లేచిందా?"

"నిద్రపోతోంది. మందిచ్చాను, సాయంత్రం దాకా ఏమీ పెట్టకూడదు" అన్నాను.

అతను విసుక్కోలేదు. వరండా అంచున కూర్చుని గిన్నె పక్కన పెట్టుకున్నాడు. "అట్టయితే మీరు తాగండమ్మా. మొకం పీక్కపోయుండాది. పొద్దుట్నుంచి ఏం తిని ఉండరు."

"నాకు ఉపవాసం."

నవ్వాడు. "ఈ పొద్దు మంగళారం గదమ్మా. మీ ఏసు గుడోళ్ల ఉపవాసం శుక్కురారం గదా?"

"ఇది నా సొంత మొక్కు" అన్నాను. అతను తల ఊపాడు. ఆ తరువాత చూపు నా చేతిలో ఉన్న జాబు మీదికి వచ్చింది, అక్కడే ఉండిపోయింది.

"రేవులో పోస్టాయన కనపడినాడు. నర్సమ్మకు ఇందుకూరుపేట నుంచి అరజంటు జాబు వచ్చిందన్నాడు. ఏందమ్మా అంత అవసరం?"

"నా స్నేహితురాలి బిడ్డకు బాగాలేదు."

"అయ్యో పాపం. చదవండి, నేనూ ఇంటా. నాకా, అచ్చరం ముక్క రాదు."

చదవనంటే? ఆ ఆలోచన రాగానే అతని కళ్లు చూశాను. శేషమ్మా, ఆ కళ్లలో కోపం లేదు, తొందర లేదు. సంతలో గొడ్డు నడక చూసేవాళ్లు చూసినట్టు నన్ను చూస్తున్నాడు. నేను జాబు విప్పాను. కాగితం మీద నువ్వు రాసిన 'వాడు' అన్న మాటలు కళ్ల ముందే ఉన్నాయి. నోటితో మాత్రం "పాపకు వారం రోజులుగా కోరింత దగ్గు" అని మొదలుపెట్టాను.

అది నీ జూలై జాబు. ఈ ఊళ్లో నాకు చదువుకోవడానికి నీ ఉత్తరాలు తప్ప ఏమున్నాయి? పది సార్లయినా చదివి ఉంటాను. కందగడ్డ ముఖం, కక్కేసిన పాలు, నాట్లు, చేతులకు కాసిన కాయలు, మంచం దిగని మీ అత్తగారు, ఆవిడ కేకలతో సహా అప్పగించాను. మస్తానమ్మ వచ్చేచోట ఆపి, "నీ వెంకటశేషమ్మ" అని ముగించాను.

అతను కాలువ మీద ఒక పడవ వెళ్లిపోయేదాకా చూశాడు.

"బాగుండాది. ఇంకోసారి చదవండి నర్సమ్మా."

ఈసారి అతను కాగితం వైపు చూడలేదు. నా పెదవుల వైపే చూశాడు. ఒక్క మాట అటూ ఇటూ అయితే పట్టుకోవడానికే అని తెలుస్తూనే ఉంది. మళ్లీ చదివాను. కూలీలు, వంట, చేతులు, మోకాళ్లు. అన్నీ వరుసగా వచ్చాయి. నువ్వు అంత తేలిగ్గా గుర్తుండేట్టు రాస్తావు గనుక బతికిపోయాను.

ఇంతలో లోపలినుంచి కామమ్మ గొంతు. "మామా, వచ్చినావా?"

అతను లేచాడు. నేను వాకిలికి అడ్డం నిలబడ్డాను. "లోపల కాన్పుకు వచ్చిన ఆమె ఉంది. నొప్పులు పడుతోంది. మగవాళ్లు రాకూడదు" అన్నాను. లోపల అలాంటి మనిషెవరూ లేరు. ఆ మాట నోట్లో ఉండగానే గదిలోనుంచి "ఓలమ్మో, నా నడుమో!" అని పెద్ద మూలుగు. మా ఆయా! అరవై ఏళ్ల ముసలమ్మకు విషయమేదీ తెలియదు. నా గొంతులో వణుకు విని, నేనేదో అబద్ధమాడుతున్నానని, దాన్ని నిలబెట్టాలని మాత్రం అర్థం చేసుకుంది. అలా ఆగకుండా పురిటి నొప్పులు పడుతూనే ఉంది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తోంది కాని, అప్పుడు ఏడుపు ఆపుకోవడానికి పళ్లు బిగించాను.

మునెయ్య గిన్నె తీసుకుని కాలువలోకి దిగాడు. జావ నీళ్లలో ఒంపేసి, ఇసుకతో శుభ్రంగా తోమి, తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు.

"సాయంత్రం తాజాగా కాంచి తెస్తాలే. దాన్ని ఆకలికి మాడ్చబాకండి" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. వచ్చినప్పటినుంచి వెళ్లేదాకా అతని గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు.

సరుగుడు తోటలోకి అతను కనుమరుగవగానే ఆయాను చిన్నపోలయ్య దగ్గరకు పరిగెత్తించాను. అతను వచ్చాక నీ జాబు, ఈసారి రాసింది రాసినట్టు, చదివి వినిపించాను. మొదట నమ్మలేదు. గురవమ్మ అన్న మాటల దగ్గర కూలబడ్డాడు. "నా చేత్తో నేనే ఇచ్చినా గదమ్మా దాన్ని" అన్నాడు. బస్సు రోడ్డు తోట పక్కనుంచే పోతుంది గనుక తన పడవలోనే మమ్మల్ని దక్షిణంగా మూడు మైళ్లు తీసుకుపోయి, అక్కడ గూడూరు బస్సు ఎక్కించాడు. కామమ్మకు పెద్ద డాక్టరమ్మకు చూపించాలని మాత్రమే చెప్పాను. "మామ వస్తే ఎదురుచూస్తాడే" అని దారంతా గొణుగుతూనే ఉంది.

చిన్నపోలయ్య నీ జాబు తీసుకుని నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లాడు. వాళ్లు వెళ్లేసరికి ఇంకా పొద్దు గుంకలేదట. తాళం వేసిన కేంద్రం మెట్ల మీద వాడు కూర్చుని ఉన్నాడు, నిండు గిన్నె ఒళ్లో పెట్టుకుని. "మా కామమ్మకు ఆకలైతుంటాదయ్యా" అన్నాడట. ఆ గిన్నె కడిగే వ్యవధి వాడికి దొరకలేదు. అందులో పాషాణం ఉందని ఇక్కడి డాక్టరమ్మ ద్వారా తెలిసింది.

ఇప్పుడు కామమ్మ నా ఎదురుగా మంచం మీద నిద్రపోతోంది. ఆస్పత్రి కిటికీలోనుంచి ఎండ వస్తోంది. ఇంత మామూలు ఎండను చూసి ఇంత సంతోషం కలుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

బతికి ఉన్న నీ
ఆనంద


ఇందుకూరుపేట,
2 సెప్టెంబరు 1961

ఆనందా, నా బంగారు తల్లీ,

నీ జాబు వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరమూ సరిగా నిద్రపోలేదు. నేను కవరు అంచు వెతుక్కుంటుంటే ఆయనే లాక్కుని చింపారు. "బతికి ఉన్నాను" అన్న మొదటి మాట చదవగానే "హమ్మయ్య" అని నులకమంచం మీద వెల్లకిలా పడిపోయారు. ఆ మనిషి కళ్లలో నీళ్లు నేను చూడడం అదే మొదటిసారి. ఆ జాబు పోస్టులో వేసింది ఎలాగో నీకు తెలియదు కదూ? ఇక్కడి డబ్బాలో వేస్తే ఒక రోజు ఆలస్యమవుతుందని, సోమవారం పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ నెల్లూరు రైలుస్టేషనుకు పోయి మెయిలు పెట్టెలో వేసి వచ్చారు. వచ్చి నాటు మడిలో దిగారు. నాతో ఒక్క ముక్క అనలేదు.

మీ ఆయా పురిటి నొప్పుల దగ్గర నేను నవ్వి నవ్వి పొలమారితే మా అత్తగారు మంచం దిగి వచ్చారు. ఆవిడ మోకాళ్లకు నీ జాబే మందు.

మైపాడుకు పోలీసులు వచ్చారు. గురవమ్మ చెప్పినదంతా రాసుకున్నారు. వాళ్లు వెళ్లాక ఆమె నా దగ్గరకు నడిచి వచ్చింది. "నా బిడ్డకు మూడేళ్ల తరవాత నాయం అడిగేవాళ్లొచ్చినారు" అని కాసేపు గడపలో కూర్చుంది.

కామమ్మకు నిజం చెప్పావా? ఏమంది?

నీ
శేషమ్మ


వాకాడు,
3 డిసెంబరు 1961

ప్రియమైన శేషమ్మకు,

నవంబరు పంతొమ్మిదిన కామమ్మకు ఆడపిల్ల పుట్టింది. నాలుగున్నర పౌన్లే అయినా గొంతు మాత్రం గట్టిది. తల్లీ బిడ్డా క్షేమం. సంతోషంగా రాయాల్సిన జాబు ఇలా రాస్తున్నందుకు ఏమనుకోకు.

కామమ్మకు నిజం చెప్పాను. ఆస్పత్రిలోనే డాక్టరమ్మ, నేను, చిన్నపోలయ్య ముగ్గురం చెప్పాం. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరువాత నాతో మాట్లాడిన మాటలు రెండే. "మీ మందులు పడక వచ్చిన జబ్బు ఆయన మీద పెట్టినారు" అన్నది ఒకటి. రెండోది నువ్వు నవ్వొద్దు, ఏడవొద్దు: "మీకు మొగుడు లేడు గదా. నా మొగుణ్ణి చూసి మీకు కళ్లు కుట్టినాయి."

మొదట్లో అతన్ని చూసి నా మనసు అటూ ఇటూ అయిందని నీకు రాశానే. అందుకేనేమో ఆ మాట బాగా లోపలికి దిగింది.

బిడ్డనెత్తుకుని అన్నగారింటికి వెళ్లిపోయింది. కేసు నెల్లూరు సెషన్స్ కోర్టుకు వెళుతోంది. ఎలుకల కోసం కలిపిన జావ అని వాడు ఇప్పుడు చెబుతున్నాడట. మస్తానమ్మ విషయంలో గురవమ్మ నోటిమాట తప్ప రుజువు లేదు. కట్టుకున్నది సాక్ష్యమిస్తేనే కేసు నిలుస్తుందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఆమె మాత్రం "మా ఆయన దేవుడు, కోర్టులో అదే చెబుతా" అంటోందట. అదే జరిగితే వాడు బయటికి వస్తాడు. నేరుగా వచ్చేది ఆమె దగ్గరికే.

ఆమె ఇంటిముందు రెండుసార్లు నిలబడి వచ్చాను. తలుపు తీయలేదు.

నీ
ఆనంద


వాకాడు,
18 ఏప్రిల్ 1962

ప్రియమైన శేషమ్మకు,

నిన్ననే నెల్లూరు నుంచి వచ్చాను. మీ ఊరికి వచ్చి నోటితో చెబుదామనుకున్నాను గాని ఇక్కడ ఇద్దరు నిండు నెలలవాళ్లున్నారు. రాయక తప్పదు. కేసు ముగిసింది. పద్మనాభయ్య గారు రెండు ముక్కల్లో చెప్పి ఉంటారు గాని, ఎలా ముగిసిందో వరుసగా చెబుతాను.

కోర్టులో వాడిని చూశాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాలో, పెళ్లికొచ్చినవాడిలా ఉన్నాడు. కామమ్మను పిలిచారు. చిన్నపోలయ్య చేతికి బిడ్డను ఇచ్చి బోనెక్కింది. జుట్టు ఒత్తుగా పెరిగింది, బుగ్గలు వచ్చాయి. మొదట నేను గుర్తుపట్టలేదు. వాడు ఆమెను చూసి తల వంచి, ఎప్పటి గొంతుతోనే "అన్నం తిన్నావా మే?" అన్నాడు. కోర్టు అంతా విన్నది. జడ్జిగారు వాణ్ణి మందలించారు. నేను మాత్రం బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆ ఒక్క మాటకే ఆమె కరిగిపోతుందనుకున్నాను.

వాడి వకీలు అడిగాడు. "ఈయన నీకు జావ కాచి పోసేవాడా?"

"పోసేవాడు."

"ప్రేమతోనే పోసేవాడు గదా? నర్సు చెప్పిన మాట విని ఇక్కడికొచ్చినావు గదా?"

"నేను నర్సమ్మ మాట ఇన్లా. ఆమె వస్తే తలుపేసుకున్నా. మా అన్న మాటా ఇన్లా. పోలీసాయన మాటా ఇన్లా" అంది కామమ్మ. ఇక కేసు పోయిందనుకున్నాను. కాని ఆమె ఆగలేదు.

"ఆసుపత్రిలో తగ్గితే మందులకు తగ్గిందనుకున్నా. మా అన్నింటికి పోయినాక మందుల్లేవు. నర్సమ్మ లేదు. ఆయనా లేడు. ఉప్పుచేప తిన్నా, చద్దన్నం తిన్నా, పచ్చి మామిడికాయ తిన్నా. ఒక్కనాడూ కక్కుకోలా. వేళ్ల మంట పోయింది. అయిదు నెలలు చూసినా సామీ, మళ్లీ వస్తాదేమో అని. రాలా. ఎవురు చెప్పినా నమ్మలా. నా కడుపే నాకు చెప్పింది."

వకీలు తన చోటుకు వెళ్లి కూర్చున్నాడు.

చివరికి జడ్జిగారు వాణ్ణే అడిగారు, నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని. వాడు "మస్తానమ్మ గంపెత్తుకుని ఊళ్లెంబడి పోయేది. ఎవురితోనన్నా నవ్వతా మాట్లాడేది. జబ్బు పడినాక యాడికీ పోలా. నా చెయ్యే పట్టుకోనుండేది" అన్నాడు. వకీలు నెత్తి పట్టుకున్నాడు. ఆ జవాబుకు వెనుక బెంచీ మీద గురవమ్మ పెట్టిన కేక నేను మరిచిపోలేను. పద్మనాభయ్య గారు ఆమెను భుజాలు పట్టి బయటికి తీసుకుపోయారు. ఆమె వెంట వచ్చినందుకు ఆయనకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. లేదా చెప్పకు, మాట రాక ఇబ్బంది పడతారు.

యావజ్జీవ శిక్ష పడింది. ఆ మాట చదివినప్పుడు ఒంట్లోనుంచి ఏదో బరువు దిగిపోయింది. ఎనిమిది నెలలుగా, గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను నేను.

బయట కామమ్మ నా దగ్గరకు వచ్చింది. "ఆ పొద్దు మిమ్మల్ని అంత మాట అన్నా" అంది. "నేనే గదమ్మా నీ నోట్లో పోసింది" అన్నాను. "తెలీక గదా" అంది. ఇద్దరం ఆ ఎండలో అలాగే నిలబడ్డాం. బిడ్డ చిన్నపోలయ్య మీసం పట్టుకుని లాగుతుంటే అతను "అబ్బా, అబ్బా" అంటున్నాడు. ముందు నవ్వింది కామమ్మే.

కోర్టు ఎదురుగా హోటలుంది. అందరం వెళ్లాం. కారం దోసెలు చెప్పాడు చిన్నపోలయ్య. ఆమె ఒకటి తింది, ఇంకొకటి తింది, మూడోది తెప్పించుకుంది. కారానికి కళ్లలో నీళ్లు కారుతుంటే పైటతో తుడుచుకుంటూ, సర్వరును పిలిచి నాలుగోది చెప్పింది. నేను చూస్తున్నానని సిగ్గుపడింది.

"ఆకలి ఇంత బాగుంటాదని మరిచేపోయినా నర్సమ్మా" అంది.

నిశ్చింతగా ఉన్న నీ
ఆనంద